రాని రోగానికి కృతజ్ఞత

ఆరోగ్యమే మహాభాగ్యమన్నది పెద్దల మాట. అయితే ఈ భాగ్యానికి ఒక విచిత్రమైన లక్షణం ఉంది. ధనం చేతికి అందినప్పుడు మనిషికి సంతోషం కలుగుతుంది. విద్య అబ్బినప్పుడు గౌరవం లభిస్తుంది. ఆరోగ్యం మాత్రం ఉన్నంతకాలం ఉన్నట్లే తోచదు. పంటి నొప్పి వచ్చిన రోజునే పళ్లున్న సంగతి గుర్తుకు వస్తుంది. కాలిలో ముల్లు దిగిన నాడే నడక ఎంత సుఖమైనదో తెలిసివస్తుంది. ఆరోగ్యం విషయంలో మనిషికి గల ఈ మరుపు, ఆరోగ్యాన్ని కాపాడేవారి విషయంలోనూ కనిపిస్తుంది.

‘కృతజ్ఞత’ అనే పదాన్ని విడదీసి చూస్తే చక్కని అర్థం స్ఫురిస్తుంది. ‘కృతం’ అంటే చేయబడినది. ‘జ్ఞ’ అంటే తెలిసినవాడు. తనకు జరిగిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. కాబట్టి కృతజ్ఞతలో నోటితో చెప్పే మాట కంటే ముందు ఉండవలసింది ఎరుక. తనకు ఎవరు, ఏ మేలు, ఎంత శ్రమపడి చేశారో తెలియనివాడు ఎన్ని నమస్కారాలు చేసినా అది మర్యాద అవుతుంది గాని కృతజ్ఞత కాదు.

వైద్యసేవ వల్ల కలిగే మేలు రెండు విధాలు. మొదటిది కంటికి కనిపించేది. జ్వరంతో మూలుగుతున్న బిడ్డకు మందిచ్చి తేరుకునేటట్లు చేసిన వైద్యునికి తల్లి చేతులెత్తి నమస్కరిస్తుంది. ప్రమాదంలో గాయపడినవారి ప్రాణాలు నిలిపిన శస్త్రవైద్యుని పేరు ఆ కుటుంబంలో తరతరాలు నిలిచిపోతుంది. రెండవది కంటికి కనిపించని మేలు. రావలసిన రోగం రాకుండా ఆపడం అటువంటిది. ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే నర్సు, ఊరి నీళ్ల ట్యాంకులో క్లోరిన్ కలిపే పంచాయతీ ఉద్యోగి, మురుగు కాలువలపై దోమల మందు చల్లే కార్మికుడు చేసే సేవ ఈ రెండవ కోవకు చెందుతుంది. వారి పని సఫలమైతే ఊళ్లో ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే వారి విజయం. జరగని దానికి ఎవరు ఎవరికి నమస్కరిస్తారు? రాని రోగానికి కృతజ్ఞత చూపడం ఎలా? ఆలోచించదగిన ప్రశ్న ఇది.

మరచిపోయిన వ్యాధి

నారికురుపు అన్న మాటను నేటి విద్యార్థులలో చాలామంది విని ఉండరు. కొన్ని దశాబ్దాల క్రితం ఆంధ్రప్రదేశ్‌తో పాటు రాజస్థాన్, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలైన రాష్ట్రాలలో ఎన్నో పల్లెలను ఈ వ్యాధి పీడించింది. కలుషితమైన నీటితో పాటు శరీరంలోకి ప్రవేశించిన ఒక పురుగు దాదాపు ఒక సంవత్సరకాలం లోపల పెరిగి, సుమారు మీటరు పొడవు వరకు సాగి, కాలిమీద పుండు చేసుకొని బయటికి వచ్చేది. దానిని ఒక పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున బయటికి లాగవలసి వచ్చేది. మధ్యలో తెగితే బాధ మరింత పెరిగేది. సరిగా వ్యవసాయపు పనుల కాలంలో రైతు మంచం పట్టేవాడు. ఆ మంట తట్టుకోలేక రోగి దిగుడుబావి నీటిలో కాలు పెట్టగానే పురుగు తన పిల్లలను ఆ నీటిలోకి వదిలేది. ఆ నీటినే ఊరంతా తాగేది. అలా ఒకరి బాధ ఏడాది తిరిగేసరికి పదిమంది బాధ అయ్యేది.

ఈ వ్యాధికి టీకా లేదు. దానిని నయం చేసే మందూ లేదు. అయినప్పటికీ అది మన దేశం నుంచి పూర్తిగా తొలగిపోయింది. 1980ల ప్రారంభంలో మొదలైన జాతీయ కార్యక్రమంలో భాగంగా ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా తిరిగారు. తాగే నీటిని గుడ్డతో వడపోయడం నేర్పారు. రోగులను నీటిలోకి దిగనివ్వకుండా చూశారు. దిగుడుబావులకు బదులు చేతిపంపులు, చేదబావులు వచ్చాయి. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. వ్యాధితో పాటు దాని పేరు కూడా జనం నాలుకల మీది నుంచి జారిపోయింది. దానిని తరిమినవారి పేర్లు ఎవరికీ తెలియవు. ఎండలో పల్లెపల్లెకూ తిరిగి గుడ్డతో నీళ్లు వడపోసుకొమ్మని బతిమాలిన ఆ మనుషులకు విగ్రహాలు లేవు. ఒక తరం పిల్లలు ఆ బాధ అంటే ఏమిటో తెలియకుండా పెరగడమే వారికి మిగిలిన స్మారకం.

బోదకాలు

నారికురుపు కథ ముగిసింది. అటువంటిదే మరొక కథ ఇంకా ముగియలేదు. అది బోదకాలు కథ. వైద్య పరిభాషలో దీనిని ఫైలేరియా వ్యాధి అంటారు. వూకరేరియా బ్యాంక్రాఫ్టై అనే పరాన్నజీవి దీనికి ముఖ్య కారణం. దారపు పోగు వంటి ఈ పురుగు మనిషి శరీరంలోని శోషరస నాళాలలో చేరి కొన్ని సంవత్సరాలపాటు జీవిస్తుంది. దీని పిల్లలను మైక్రోఫైలేరియాలు అంటారు. అవి లక్షల సంఖ్యలో పుట్టి రక్తంలో సంచరిస్తాయి. క్యూలెక్స్ జాతి దోమ రోగిని కుట్టినప్పుడు అవి దోమ కడుపులోకి చేరుతాయి. అక్కడ రెండు వారాల లోపున ఎదిగి, అదే దోమ మరొకరిని కుట్టినప్పుడు వారి శరీరంలోకి ప్రవేశిస్తాయి. క్యూలెక్స్ దోమ మురికినీటి గుంటలలో, కాలువలలో పెరుగుతుంది. అందువల్ల నీటి వనరులు సమృద్ధిగా ఉండి, మురుగు పారుదల సరిగా లేని కోస్తా ప్రాంతాలలో ఈ వ్యాధి చిరకాలంగా తిష్ఠ వేసుకొని ఉంది.

ఈ వ్యాధి ఇతర వ్యాధుల వలె తలుపు తట్టి రాదు. పురుగు ప్రవేశించిన తరువాత ఎన్నో ఏళ్ల వరకు మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. ఈలోగా శోషరస నాళాలు దెబ్బతింటాయి. కొందరికి చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు కడతాయి. క్రమంగా కాలు వాచి, చర్మం మందమై, ఏనుగు కాలును తలపిస్తుంది. ప్రాణం పోదు గాని జీవితం కుంచించుకుపోతుంది. చెప్పులు పట్టవు. పొలం పని చేయడం కష్టమవుతుంది. పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి. పదిమందిలోకి రావడానికి మనసు ఒప్పదు. కాలిని కప్పుకోవడానికి చీర కుచ్చిళ్లను మరికొంత కిందికి జార్చుకునే తల్లులు, పంచెకట్టును మార్చుకున్న పెద్దలు మన పల్లెలలో ఎందరో ఉన్నారు.

మైక్రోఫైలేరియాలకు ఒక ఆశ్చర్యకరమైన స్వభావం ఉంది. పగటివేళ అవి ఊపిరితిత్తులలోని లోతైన రక్తనాళాలలో దాగి ఉంటాయి. రాత్రివేళ, దోమలు కుట్టే సమయానికి, చర్మం దగ్గరి రక్తనాళాలలోకి వస్తాయి. అందువల్ల రోగాన్ని గుర్తించడానికి రక్తపరీక్ష రాత్రిపూట చేయాలి. ఊరంతా భోజనాలు ముగించి పడకలు వేసుకునే వేళకు ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైట్లు, గాజు పలకలు పట్టుకొని ఇంటింటికీ వెళ్తారు. నిద్రకు జోగుతున్నవారిని బతిమాలి వేలి నుంచి నెత్తుటి చుక్కలు తీసుకుంటారు. పురుగు మేలుకొని ఉండే వేళలోనే తామూ మేలుకొని ఉండవలసిన ఉద్యోగం వారిది.

పేరు లేని సహాయకులు

దోమకూ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని మొదట కనిపెట్టినవాడు ప్యాట్రిక్ మాన్సన్ అనే బ్రిటిష్ వైద్యుడు. 1877లో చైనాలోని అమోయ్ నగరంలో ఆయన ఒక ప్రయోగం చేశాడు. తన తోటమాలి రక్తంలో మైక్రోఫైలేరియాలు ఉన్నట్లు గుర్తించి, అతణ్ని కుట్టిన దోమలను సేకరించి సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. పురుగు పిల్లలు దోమ శరీరంలో ఎదుగుతున్న తీరు ఆయనకు కనిపించింది. ఒక వ్యాధిక్రిమి ఎదుగుదలకు కీటకం తోడ్పడుతుందన్న సంగతి వైద్యశాస్త్రానికి కొత్త దారి చూపింది.

మలేరియా కూడా దోమ ద్వారానే వ్యాపిస్తుందేమోనన్న ఊహను మాన్సన్ తరువాతి కాలంలో రొనాల్డ్ రాస్‌కు అందించాడు. రాస్ అప్పుడు భారతదేశంలో సైనిక వైద్యుడు. ఆయన సికింద్రాబాదులో ఎండ వేడిమిని లెక్కచేయక వందలకొద్దీ దోమలను కోసి పరీక్షించాడు. చివరకు 1897 ఆగస్టు 20వ తేదీన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఈ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్ పేరు ప్రపంచమంతా తెలుసు. హుసేన్ ఖాన్ పేరు పరిశోధన చరిత్రలో ఒక మూల మిగిలింది. మాన్సన్ తోటమాలిని తలచుకునేవారు మరీ అరుదు. వైద్యవిజ్ఞానం ప్రతిభావంతుల మేధతో ముందుకు సాగుతుందనడం ఎంత నిజమో, పేరు రాని సామాన్యుల సహకారంతో సాగుతుందనడం అంతే నిజం.

భీమవరం నుంచి బయలుదేరిన మందు

వ్యాధి ఎలా వ్యాపిస్తుందో తెలిసింది. దానిని అణచే మందు దొరకడానికి మరి 70 ఏళ్లు పట్టింది. ఆ మందు వెనుక ఒక తెలుగువాని కృషి ఉంది. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. యౌవనంలోనే సోదరులను వ్యాధికి పోగొట్టుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి, జాతీయోద్యమం పట్ల తన అభిమానాన్ని చాటుకున్నారు. 1923లో అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. కండరాలు పనిచేయడానికి శక్తి ఎలా లభిస్తుందో తెలిపే పరిశోధనలలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ముఖ్యపాత్ర వహించారు. అనంతరం లెడర్లీ పరిశోధనశాలలో చేరి, పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు అనేకులు ఫైలేరియా బారిన పడ్డారు. దీనితో మందు కోసం అన్వేషణ వేగం పుంజుకుంది. సుబ్బారావు నేతృత్వంలోని బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్ అనే మందును లోకానికి అందించింది. దీనినే క్లుప్తంగా డి.ఇ.సి. అంటారు. హెట్రజాన్ అన్నది దాని వ్యాపార నామం. ఈ మందు రక్తంలోని మైక్రోఫైలేరియాలను నశింపజేస్తుంది. గోదావరి డెల్టాలో పుట్టిన బాలుడు పెరిగి పెద్దవాడై, సముద్రాలు దాటి వెళ్లి, తన ప్రాంత ప్రజలను తరతరాలుగా కుంగదీసిన వ్యాధికే మందు కనుగొనడంలో ప్రధాన పాత్ర వహించడం చరిత్రలోని అరుదైన ఘటన. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు. ఆయన మందు మాత్రం వచ్చింది.

గడప దగ్గరి పరీక్ష

మందు కనిపెట్టడంతో పని పూర్తి కాదు. అది మనిషి కడుపులోకి చేరాలి. భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. రాజమహేంద్రవరంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఏర్పడింది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి అందరికీ మందు మింగించే పద్ధతి విస్తృతంగా అమలులోకి వచ్చింది. డి.ఇ.సి.తో పాటు ఆల్బెండజోల్ అనే మాత్రను కూడా ఇవ్వసాగారు. 2018 నుంచి ఎంపిక చేసిన జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ అనే మూడవ మందును చేర్చారు.

ఈ మాత్రలను గడప దగ్గరకు తెచ్చేది ఎక్కువగా ఆశ కార్యకర్తలు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమంతో పాటు ఈ వ్యవస్థ రూపొందింది. ఆశ కార్యకర్త ఆ ఊరి మహిళే. గర్భిణులను ఆసుపత్రికి తోడ్కొని వెళ్లడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం, క్షయరోగి మందులు మానకుండా చూడడం వంటి పనులెన్నో ఆమె చేతి మీదుగా సాగుతాయి. ప్రభుత్వ పరిభాషలో ఆమె గౌరవ కార్యకర్త. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధినేత భారతదేశపు ఆశ కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం ప్రకటించారు.

మాత్రల పంపిణీ జరిగే రోజున ఆమెకు ఎదురయ్యే సంభాషణ దాదాపు అన్ని ఊళ్లలో ఒకటే.

“అమ్మా, బోదకాలు మాత్రలు తెచ్చాను. అన్నం తిన్నారా? నా ఎదుట వేసుకోండి.”

“మాకేం జబ్బుందని వేసుకోవాలమ్మా? అక్కడ పెట్టి వెళ్లు, తరువాత వేసుకుంటాంలే.”

ఆ తరువాత ఎప్పటికీ రాదు. మాత్రలు కిటికీలోనో, అలమారలోనో, పెంటకుప్పలోనో చేరుతాయి. సుబ్బారావు వంటివారి ఏళ్ల పరిశోధన, ప్రభుత్వ వ్యయం, ఎండలో నడిచి వచ్చిన ఆ మహిళ శ్రమ అన్నీ ఆ ఒక్క మాటతో వ్యర్థమవుతాయి.

జబ్బు లేనివారు మాత్ర ఎందుకు వేసుకోవాలన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి శాస్త్రీయమైన సమాధానం ఉంది. బోదకాలు పైకి కనిపించనివారి రక్తంలోనూ మైక్రోఫైలేరియాలు ఉండవచ్చు. దోమ ఆ పిల్లలను వారి దగ్గర నుంచి తీసుకొని పక్కింటి పసివాడికి చేరవేస్తుంది. అందుచేత ఊళ్లో ఎక్కువమంది ఒకే కాలంలో మందు మింగితే దోమకు చేరవేయడానికి పురుగు దొరకదు. పెద్ద పురుగుల మీద ఈ మందు ప్రభావం పాక్షికం కావడం వల్ల అవి మళ్లీ పిల్లలను కంటాయి. కాబట్టి ఏటేటా మందు వేసుకోవాలి. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది ప్రతిసారి మందు మింగితేనే ఈ పద్ధతి ఫలిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు ఈ మందు ఇవ్వరు. మిగిలినవారికి వయసును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. కొందరికి మాత్ర వేసుకున్న తరువాత కొద్దిపాటి జ్వరం, తలనొప్పి కలుగుతాయి. చాలావరకు అది రక్తంలోని పురుగు పిల్లలు చనిపోతున్నందువల్ల కలిగే బాధ. త్వరలోనే తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆరోగ్య సిబ్బందికి తెలపాలి.

శ్రీలంక, మాల్దీవులు 2016లో, థాయిలాండ్ 2017లో ఈ వ్యాధిని నిర్మూలించినట్లు ధ్రువీకరణ పొందాయి. 2023లో బంగ్లాదేశ్ కూడా వాటి సరసన చేరింది. 2027 నాటికి బోదకాలు వ్యాధిని తొలగించాలని భారత ప్రభుత్వం 2023లో లక్ష్యం ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరడం కార్యకర్త నడకపై ఎంత ఆధారపడి ఉందో, గృహస్థు మింగే మాత్రపైనా అంతే ఆధారపడి ఉంది.

చప్పట్లు, చట్టం

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని తెలుగులో ఒక సామెత ఉంది. అవసరం తీరాక ఆదుకున్నవారిని మరచిపోయే స్వభావాన్ని అది ఎత్తిచూపుతుంది. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు ఏరు ఇంకా దాటకముందే ఆ సామెత నిజమైంది. ఆ ఏడాది మార్చి 22వ తేదీ సాయంత్రం దేశమంతటా ప్రజలు వాకిళ్లలో, డాబాల మీద నిలబడి వైద్య సిబ్బంది గౌరవార్థం చప్పట్లు కొట్టారు, పళ్లాలు మోగించారు. సరిగా నెల తిరిగేసరికి ఏప్రిల్ 22న వైద్య సిబ్బందిపై దాడి చేసేవారిని శిక్షించడానికి కేంద్ర ప్రభుత్వం అత్యవసర శాసనం తీసుకురావలసి వచ్చింది. సర్వేకు వచ్చిన కార్యకర్తలను తరిమిన ఘటనలు, అంటువ్యాధి తెస్తారన్న భయంతో నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్న ఘటనలు దేశంలో చోటుచేసుకున్నాయి. ఆ శాసనం ప్రకారం వైద్య సిబ్బందిపై హింసకు పాల్పడినవారికి మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు.

చప్పట్లు కొట్టినవారిలో కపటం ఉందని చెప్పలేము. ఆ సాయంత్రం వారి మనసు నిజంగానే కదిలింది. అయితే కదిలిన మనసు భయం ముందు నిలవలేదు. వ్యాధి ఎలా వ్యాపిస్తుందో, నర్సు ఏ జాగ్రత్తలు తీసుకొని ఇంటికి వస్తుందో తెలిసి ఉంటే ఆ భయం అంతగా పెరిగేది కాదు. ఎరుక లేని ఉద్వేగం ఎంత త్వరగా పొంగుతుందో అంత త్వరగా చల్లారుతుందని ఆ నెల రోజుల చరిత్ర నిరూపించింది.

ప్రసన్నత

ఆరోగ్యమంటే వ్యాధి లేకపోవడం మాత్రమే కాదని, శరీరం, మనసు, సామాజిక జీవనం మూడూ సుఖంగా ఉండడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. ఎన్నో శతాబ్దాలకు పూర్వమే సుశ్రుత సంహిత ఆరోగ్యవంతుని లక్షణాలు చెబుతూ, దేహధర్మాల సమతుల్యతతో పాటు ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలని పేర్కొంది. ప్రసన్నమైన నీరంటే తేటపడిన నీరు. అడుగున ఉన్నది ఉన్నట్లు కనిపించే నీరు. మనసు ప్రసన్నంగా ఉండడమంటే కష్టాన్ని చూడకుండా నవ్వడం కాదు. కష్టాన్ని స్పష్టంగా చూసి కూడా కలత చెందకుండా ఉండడం.

ఈ భేదాన్ని చక్కగా గుర్తించిన సేవామూర్తి ఫ్లారెన్స్ నైటింగేల్. 1854లో క్రిమియా యుద్ధకాలంలో 38 మంది నర్సులతో స్కుటారి సైనిక వైద్యశాలకు వెళ్లి ఆమె చేసిన సేవ లోకప్రసిద్ధం. ఆమె జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. 1859లో వెలువడిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అనే గ్రంథంలో ఆమె రోగి గదిలోకి వెలుతురు, గాలి ధారాళంగా రావాలని, పూలు, రంగులు, కిటికీలోంచి కనిపించే దృశ్యం రోగి మనసుకే గాక శరీరానికీ మేలు చేస్తాయని వివరించారు. అదే గ్రంథంలో పరామర్శకు వచ్చి, రోగి స్థితి తెలుసుకోకుండానే త్వరలో లేచి తిరుగుతావంటూ పైపై ధైర్యాలు, తెలిసీ తెలియని సలహాలు చెప్పేవారిని గురించి ఒక అధ్యాయమే రాశారు. అటువంటి మాటలు రోగికి ఊరట కలిగించకపోగా అతణ్ని ఒంటరిని చేస్తాయని ఆమె అభిప్రాయం.

బోదకాలు రోగి విషయంలో ప్రసన్నత ఎలా ఉంటుందో ఒక చిన్న దినచర్య తెలుపుతుంది. ఒకసారి బాగా వాచిన కాలు మునుపటిలా కావడం కష్టం. అయితే రోజూ కాలిని సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, వేళ్ల సందులు కూడా తడి లేకుండా మెత్తని గుడ్డతో ఒత్తుకోవాలి. చిన్న గాయాలకు వెంటనే మందు రాయాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలిని ఎత్తుగా ఉంచాలి. చెప్పిన వ్యాయామం చేయాలి. అనువైన పాదరక్షలు ధరించాలి. ఈ చిన్న పనుల వల్ల మాటిమాటికీ వచ్చే జ్వరం, నొప్పి తగ్గుతాయి. వాపు ముదరకుండా ఉంటుంది. ఆరోగ్య కార్యకర్త నేలమీద కూర్చొని, పళ్లెంలో రోగి కాలు పెట్టించి, తన చేతులతో కడిగి ఈ విధానం నేర్పుతుంది. అందరూ చూపు తిప్పుకునే కాలిని ఒకరు జంకు లేకుండా తాకినప్పుడు రోగి ముఖంలో కలిగే వెలుగుకు మందు పేరు లేదు. ఆ మరునాటి నుంచి తన కాలు తానే కడుక్కోవడం ఆ రోగి చూపే ఉత్సాహం.

నవ్వు నాలుగు విధాల చేటు అన్న సామెత కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఒకరి లోపాన్ని చూసి నవ్వే నవ్వు నిజంగానే చేటు. వాచిన కాలును బట్టి మనిషికి మారుపేరు పెట్టడం, నడకను అనుకరించడం యువకులకు వినోదం కావచ్చు. ఆ వినోదమే ఒక రోగిని ఇంటి నాలుగు గోడల మధ్య బంధిస్తుంది. సిగ్గుతో చికిత్సకు రానివారి కాలు మరింత ముదురుతుంది. కలిసి నవ్వే నవ్వు మాత్రం ఔషధంతో పాటు అందవలసిన అనుపానం.

విద్యార్థుల బాధ్యత

ఈ విషయంలో విద్యార్థులు చేయగలిగింది ఎంతో ఉంది. చదువుకున్నవారి మాటకు ఇంట్లో విలువ ఉంటుంది. మాత్రల రోజున “మాకేం జబ్బు?” అని అమ్మమ్మో, నాన్నో అడిగినప్పుడు మైక్రోఫైలేరియా సంగతి వివరించగలిగినవారు ఆ ఇంటి విద్యార్థులే. అందరికంటే ముందు తాము మాత్ర వేసుకొని చూపితే మిగిలినవారికి ధైర్యం కలుగుతుంది. ఇంటి వెనుక మురికినీరు నిలవకుండా చూడడం, నీటి తొట్లపై మూతలు పెట్టించడం కష్టమైన పనులు కావు. ఎండలో వచ్చిన కార్యకర్తకు కూర్చోవడానికి కుర్చీ వేసి, చెంబుడు మంచినీళ్లిచ్చి, “చెప్పండమ్మా” అని పలకరించడానికి ఏ ఖర్చూ లేదు.

వైద్య సిబ్బందిలోనూ లోపాలు ఉండవచ్చు. ఆసుపత్రిలో ఆలస్యం జరగవచ్చు. ఒకరి మాట కటువుగా తోచవచ్చు. లోపాన్ని మర్యాదగా తెలపడం, అవసరమైతే పై అధికారుల దృష్టికి తీసుకుపోవడం పౌరుని హక్కు. కృతజ్ఞత ఆ హక్కును హరించదు. చేయి చేసుకోవడం, దూషించడం మాత్రం ఏ హక్కు కిందికీ రాదు. అలిసిన చేతులతో ఒకరి తరువాత ఒకరికి సూది వేస్తున్న నర్సు కూడా మనిషే. ఆమెకూ ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు ఉంటారు.

ఒకనాటికి నారికురుపు వలె బోదకాలు కూడా నిఘంటువులో మిగిలే పదం అవుతుంది. అప్పటి పిల్లలు ఆ మాటకు అర్థం అడిగితే పెద్దలు చెప్పవలసి ఉంటుంది. సూక్ష్మదర్శినిపై వంగిన శాస్త్రవేత్తలు, దోమకు చేయి చాచిన రోగి, రాత్రివేళ నెత్తుటి చుక్క కోసం తలుపు తట్టిన ఉద్యోగి, మాత్రల సంచితో గడప గడపకూ తిరిగిన మహిళ ఆ కథలో ఉంటారు. జబ్బు లేకపోయినా మందు మింగిన లక్షలాది సామాన్యులు కూడా ఉంటారు. రాని రోగానికి కృతజ్ఞత చూపే మార్గం ఆ చివరి వరుసలో నిలబడడమే. చేసిన మేలును ఎరిగి, ఆ మేలు ఇంకొకరికి చేరేటట్లు తన వంతు పని సంతోషంగా చేసినవాడే నిజమైన కృతజ్ఞుడు.